వీడియో చూస్తూ వేస్తే వస్తోంది, సొంతంగా వేస్తే రావడం లేదు: కొత్తగా బొమ్మలు వేసేవారికి నా సమాధానం

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా మళ్లీ చెబుతాను. చిత్తూరులో ఉద్యోగం చేసుకుంటూ, రాత్రి భోజనాలయ్యాక దొరికే గంటలో, ఏడాదిగా యాక్రిలిక్ రంగులతో బొమ్మలు వేస్తున్నారు. వీడియో ఎదురుగా పెట్టుకుని వేసినప్పుడు సూర్యాస్తమయం, జలపాతం, వెన్నెల రాత్రి అన్నీ చూడముచ్చటగానే వస్తున్నాయి. వీడియో కట్టేసి మీ ఇంటి పెరడునో, నీవా నది ఒడ్డునో వేయబోతే మాత్రం చిన్నపిల్లలు వేసినట్టు ఉంటోందని రాశారు. లోపం చేతిలో ఉందా, రంగుల్లో ఉందా, ఖరీదైన రంగులు కొనాలా, తిరుపతిలో ఎక్కడైనా క్లాసులో చేరాలా, ఎన్నాళ్లకు సొంతంగా వేయగలుగుతారు అన్నవి మీ సందేహాలు.

ముందుగా సూటిగా సమాధానం. కొత్త రంగులు కొనవద్దు. వీడియో చూస్తూ వేయడం మూడు నెలల పాటు పూర్తిగా ఆపండి. ఆ మూడు నెలలూ ఇంట్లో ఉన్న వస్తువులను ఎదురుగా పెట్టుకుని, ఒకే దీపం వెలుగులో, మొదట పెన్సిలుతోనూ తరువాత నలుపు తెలుపులతోనూ వెలుగునీడలు మాత్రమే వేయండి. రంగులు ఆ తరువాత, అవి కూడా ఆరేడుకు మించకుండా. క్లాసు విషయం చివర చెబుతాను, ఎందుకంటే అది మీరు అనుకుంటున్నంత ముఖ్యమైన ప్రశ్న కాదు.

నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా చిత్రలేఖనం నేర్పుతున్నాను. మీ ఇబ్బందితో వచ్చేవారు ఇప్పుడు నా దగ్గర ఎక్కువయ్యారు. వారిలో ఎవరికీ చెయ్యి తిరగక ఆ ఇబ్బంది రాలేదు. వీడియోలో ఒక చిత్రకారుడు జలపాతం వేస్తున్నప్పుడు అసలు పనంతా కెమెరా పెట్టకముందే అయిపోయి ఉంటుంది. ఎదుట ఉన్న వేయి విషయాల్లో ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి, ఏ రాయి ఏ నీటి కన్నా ముదురుగా ఉండాలి, దూరపు చెట్లకు ఏ ఆకుపచ్చ సరిపోతుంది, కాగితం మీద పెద్ద ఆకారాలు ఎక్కడ పడాలి అన్న నిర్ణయాలన్నీ ఆయన ముందే తీసుకున్నారు. మీకు మిగిలేది ఆయన కుంచె కదలికను అనుసరించడం ఒక్కటే. అది మీరు బాగానే చేస్తున్నారు, కాబట్టి మీ చేతికి ఏ లోపమూ లేదు. పెరట్లో కూర్చున్నప్పుడు ఆ నిర్ణయాలన్నీ మీరే తీసుకోవాలి. ఏడాదిలో ఒక్కసారి కూడా సాధన చేయనిది అదే.

చెయ్యి వేరు, చూపు వేరు అనడానికి నా దగ్గరికి వచ్చిన ఇద్దరిని ఉదాహరణగా చెబుతాను. ఒకరు ఫ్లెక్సీలు రాకముందు తిరుపతి వీధుల్లో సైన్‌బోర్డులు రాసిన మనిషి. స్కేలు లేకుండా నాలుగడుగుల నిలువు గీతను ఒక్క ఊపులో దించేవారు. అక్షరం వంపు ఎక్కడా వణికేది కాదు. ఆయన ముందు ఒక మట్టికుండ పెట్టి వేయమంటే అవుట్‌లైన్ అద్భుతంగా వచ్చింది, లోపల మాత్రం కుండ అట్టముక్కలా చదునుగా ఉండిపోయింది. రెండో మనిషి బట్టలు కుట్టే ఆవిడ. పెన్సిలు పట్టుకోవడం కూడా కొత్తే, గీత గీతకూ చెయ్యి వణికేది. అయితే కంటితో కొలిచి చెప్పడంలో ఆమెకు సాటి లేదు: ‘ఈ పిడి సగం కన్నా కొంచెం పైన అతికి ఉంది సార్, నేను కిందకు వేశాను’ అని తన తప్పు తానే పట్టేది. కొన్ని నెలల్లో ఆమె వేసిన వస్తువులు బరువుతో, గుండ్రనితనంతో కాగితం మీద కూర్చున్నాయి. గీత ఇప్పటికీ కొంచెం వణుకుతుంది, దానివల్ల బొమ్మకు వచ్చిన నష్టమేమీ లేదు. సైన్‌బోర్డుల ఆయన కూడా తరువాత బాగా వేశారు, కాని ఆయనకు ఎక్కువ కాలం పట్టింది; అందమైన గీత ఆయనను తొందరగా తృప్తిపరిచేది.

ఇక పని విషయం. మొదటి వస్తువు ఒక ఇత్తడి చెంబు. మీ ఇంట్లో తప్పకుండా ఉంటుంది. స్టీలు చెంబు వద్దు, అది గది మొత్తాన్ని తనలో చూపించి కొత్తవారిని తికమక పెడుతుంది. మెరుగు పెట్టని పాత ఇత్తడి అయితే మంచిది. దానిని బల్ల మీద, మీ కళ్లకు ఒక అడుగు కింద ఉండేలా పెట్టి, కేవలం ఆకారం గీయండి. నూటికి తొంభైమంది ఇక్కడ ఒకే పొరపాటు చేస్తారు. చెంబు మూతిని కోలగా ఉన్న వలయంలా గీస్తారు, అడుగును మాత్రం తిన్నని గీతగా గీస్తారు. చెంబు బల్ల మీద సమంగా కూర్చుందని మనకు తెలుసు కాబట్టి చెయ్యి ఆ తెలిసినదాన్ని గీస్తుంది, కన్ను చూసినదాన్ని గీయదు. నిజానికి పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు అంచు కూడా వంపుగానే కనిపిస్తుంది, అదీ మూతి కన్నా ఎక్కువ వంపుతో. కంటి మట్టానికి ఎంత కిందకు పోతే వలయం అంత విచ్చుకుంటుంది. నమ్మకం కుదరకపోతే చెంబును మెల్లగా కంటి ఎత్తుకు లేపండి. మూతి సన్నబడి సన్నబడి చివరికి గీతగా మారిపోతుంది. మరో పొరపాటు, వలయం రెండు కొసలనూ పడవ మూతుల్లా మొనదేల్చడం. కోలగా ఉన్న వలయానికి ఎక్కడా మూల ఉండదు. కొసల దగ్గర కూడా అది చిన్న వంపుతో తిరిగి వస్తుంది.

కొలవడానికి పాత పద్ధతే మంచిది. మోచెయ్యి వంచకుండా చేతిని పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలును నిలువుగా పట్టుకుని చెంబు వెడల్పును బొటనవేలితో గుర్తించండి. ఆ కొలత ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. మోచెయ్యి వంగితే కొలత మారిపోతుంది, అందుకే చెయ్యి చాచడం తప్పనిసరి. చెంబు మధ్యగా ఒక నిలువు గీత గీసుకుంటే ఎడమ కుడి పక్కలు సమంగా వచ్చాయో లేదో వెంటనే తెలుస్తుంది. అదే చెంబును వారం రోజులు వేయండి. విసుగు పుడుతుంది, పుట్టనివ్వండి. రోజుకొక వస్తువు వేసేవారి కన్నా ఒకే వస్తువును పదిసార్లు వేసేవారు తొందరగా ముందుకు పోవడం నేను చాలామందిలో గమనించాను. వస్తువు మారినప్పుడల్లా పాత తప్పు ఎక్కడ జరిగిందో కనిపించకుండా పోతుంది. అదే వస్తువు అయితే నిన్నటి కాగితం పక్కన ఇవాళ్టిది పెట్టి చూసుకోవచ్చు.

రెండో దశ వెలుగునీడలు. నన్నడిగితే చిత్రలేఖనంలో సగానికి పైగా ఇదే. మీరు పంపిన వివరాల్లో ‘రంగులు బాగానే కలుపుతున్నాను, అయినా బొమ్మ పేలవంగా ఉంటోంది’ అన్న మాట ఉంది. ఆ పేలవత్వం దాదాపు ఎప్పుడూ రంగు వల్ల రాదు, టోన్ (ముదురు లేతల స్థాయి) వల్ల వస్తుంది. అంటే ముదురు చాలినంత ముదురుగా లేదు, లేతది చాలినంత లేతగా లేదు, అన్నీ మధ్యస్థంగా ఉండిపోయాయి. దీన్ని సరిచేయడానికి ముందు ఒక కాగితం మీద అయిదు గళ్లు గీసి, మొదటిది కాగితపు తెలుపుగా వదిలేసి, చివరిది 6బి అనే మెత్తని ముదురు పెన్సిలుతో వీలైనంత నల్లగా నింపి, మధ్య మూడింటినీ సమానమైన మెట్లుగా తీసుకురండి. మూడో గడి దగ్గర అందరూ తడబడతారు. అది నిజంగా నడిమి టోన్ కావాలి. ఈ పట్టీని కత్తిరించి దగ్గర ఉంచుకోండి, వస్తువు పక్కన పట్టి చూడటానికి ఉపయోగపడుతుంది.

తరువాత ట్యూబులైటు ఆపేసి, టేబుల్ ల్యాంపు ఒక్కటే పక్కనుంచి పడేలా పెట్టి, తెల్ల కాగితం మీద ఒక కోడిగుడ్డు ఉంచండి. గుడ్డు తినని ఇల్లయితే మజ్జిగ ముంచుకునే మట్టి ముంతకు సున్నం కొట్టి వాడుకోవచ్చు, నా విద్యార్థుల్లో చాలామంది అలాగే చేస్తారు. కళ్లు సగం మూసి చూస్తే చిన్న చిన్న వివరాలు మాయమై పెద్ద మచ్చలు మిగులుతాయి: వెలుగు నేరుగా పడ్డచోటు, అక్కడి నుంచి మళ్లుతున్న నడిమి టోన్, ఆ తరువాత అన్నిటికన్నా ముదురైన నీడ పట్టీ, దానికి అవతల అంచు దగ్గర కింది కాగితం నుంచి ఎగసి వచ్చిన మసక వెలుగు, చివరగా గుడ్డు కాగితం మీద పరిచిన నీడ. ఆ మసక వెలుగును కొత్తవారు చూడగానే మురిసిపోయి తెల్లగా వేసేస్తారు. అది నీడ భాగంలోనిదే, కాబట్టి వెలుగు పక్కన ఉన్న ఏ టోన్ కన్నా అది ముదురుగానే ఉండాలి. ఈ ఒక్క విషయం గుర్తుంటే మీ గుడ్డు గుండ్రంగా నిలబడుతుంది.

మన కన్ను ఎంత మోసం చేస్తుందో తెలుసుకోవాలంటే దండెం మీద ఆరేసిన తెల్ల పంచెను సాయంత్రం నీరెండలో చూడండి. పంచె తెల్లనిది అని మనకు తెలుసు, అందుకే మడతల్లోని నీడను కూడా తెల్లగానే చూస్తాం. ఒక అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, దానిగుండా ఒక మడతను మాత్రమే చూస్తే అది బూడిదరంగులో, ఒక్కోసారి నీలి బూడిదరంగులో ఉందని తేలుతుంది. మొబైల్‌లో నలుపు తెలుపు ఫొటో తీసి మీ బొమ్మ ఫొటో పక్కన పెట్టి పోల్చుకోవడం కూడా మంచి పద్ధతే, కాని బొమ్మ పూర్తయ్యాక మాత్రమే. ముందే ఫొటో చూస్తే కన్ను మళ్లీ సోమరి అవుతుంది.

పెన్సిలుతో ఇది కుదిరాక అదే గుడ్డును, అదే చెంబును నలుపు తెలుపు యాక్రిలిక్‌తో వేయండి. ముందుగా ప్యాలెట్ మీద అయిదు టోన్లనూ కలిపి కుప్పలుగా పెట్టుకుని, ఆ తరువాతే కుంచె కాగితానికి తగిలించండి. యాక్రిలిక్ ఆరాక కొంచెం ముదురుతుంది, నీటిరంగు ఆరాక లేతబడుతుంది. ఈ తేడాను మొదటినుంచీ లెక్కలో పెట్టుకోవాలి. అంగుళం వెడల్పున్న ఫ్లాట్ కుంచె ఒకటి, 8వ నంబరు రౌండ్ కుంచె ఒకటి చాలు. సన్నని కుంచెలన్నీ ఈ దశలో బీరువాలో పెట్టి తాళం వేయండి. చేతిలో సన్నని కుంచె ఉంటే మనసు వెంట్రుకల మీదికి, ఆకుల ఈనెల మీదికి పోతుంది.

ఇక్కడ మన ఎండల గురించి ఒక మాట. యూరప్ వాతావరణంలో తీసిన వీడియోల్లో ‘ఇప్పుడు తీరికగా అంచులు కలపండి’ అంటారు. మే నెలలో చిత్తూరు, తిరుపతుల్లో ఆ తీరిక దొరకదు, ప్యాలెట్ మీద యాక్రిలిక్ చూస్తుండగానే తోలు కడుతుంది. ఒక వెడల్పాటి టిఫిన్ డబ్బాలో తడి గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు దాని మీద తీసుకుంటే గంటసేపు నిక్షేపంగా తడిగా ఉంటాయి. మూత పెడితే మర్నాటికి కూడా పనికొస్తాయి. నీటిరంగులు వేసేవారైతే 300 జీఎస్ఎం మందపు కాగితాన్ని రెండు వైపులా తడిపి ప్లాస్టిక్ పలక మీద అంటించినట్టు పరిస్తే వాష్, అంటే పలచగా పరిచిన రంగు, సగంలో ఆరిపోకుండా ఉంటుంది. ఫ్యాను కాగితం మీదికి గాలి కొట్టకుండా చూసుకోవాలి, ఫ్యాను పూర్తిగా ఆపమని చెప్పే ధైర్యం నాకు లేదు. పలచని డ్రాయింగ్ కాగితం మీద నీటిరంగు వేసి ‘నాకు రావడం లేదు’ అని బాధపడేవారికి నా సలహా ఒక్కటే: రంగు స్టూడెంట్ రకమైనా ఫరవాలేదు, కాగితం దగ్గర మాత్రం పొదుపు చేయకండి. తైలవర్ణాలను ఇప్పట్లో తలపెట్టకండి. టర్పెంటైన్ వాసనకు గాలి ఆడే గది కావాలి, అవిసెనూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పిల్లలున్న ఇంట్లో, రాత్రి గంటసేపు చేసే సాధనకు అది తగదు.

మూడు నెలల తరువాత రంగులు. మీ దగ్గర 24 రంగుల పెట్టె ఉందన్నారు. అందులోంచి లెమన్ యెల్లో, క్రిమ్సన్, వెర్మిలియన్, అల్ట్రామెరీన్ నీలం, ప్రష్యన్ నీలం, బర్ంట్ సియన్నా, తెలుపు తీసి పక్కన పెట్టి మిగిలినవి మరిచిపోండి. రెండు ఎరుపులు, రెండు నీలాలు ఎందుకంటే వాటి స్వభావాలు వేరు. అల్ట్రామెరీన్‌లో ఎరుపు ఛాయ ఉంది, ప్రష్యన్‌లో ఆకుపచ్చ ఛాయ ఉంది. ఊదా కావాలంటే అల్ట్రామెరీన్‌లో క్రిమ్సన్ కలపాలి. అదే అల్ట్రామెరీన్‌లో నారింజ వైపు మొగ్గే వెర్మిలియన్ కలిపితే ఊదా రాదు, మట్టిరంగు వస్తుంది. లెమన్ యెల్లో, ప్రష్యన్ కలిస్తే వరినారు లాంటి పచ్చదనం వస్తుంది. అందులో చిటికెడు బర్ంట్ సియన్నా పడితే ముదురు మామిడాకు రంగు అవుతుంది. ట్యూబులోని ఆకుపచ్చను నేరుగా వాడకండి. మన ప్రాంతపు దృశ్యాలను పాడుచేసేది ఎక్కువగా ఆ రంగే; చిత్తూరు జిల్లాలో ఏ మామిడితోటా ఆ రంగులో ఉండదు. నలుపు కూడా ఇక అవసరం లేదు, అల్ట్రామెరీన్, బర్ంట్ సియన్నా కలిస్తే దాదాపు నలుపే వస్తుంది. ఏది కాస్త ఎక్కువైతే నీడ ఆ వైపు చల్లబడటమో వెచ్చబడటమో జరుగుతుంది. కొన్ని ఎరుపులు, ముఖ్యంగా అలిజరిన్ రకం క్రిమ్సన్, వెలుగు తగిలితే ఏళ్ల మీద వెలిసిపోతాయి. సాధనకు అడ్డు లేదు, గోడకు తగిలించే బొమ్మకైతే ట్యూబు మీద వెలుగును తట్టుకునే గుర్తు చూసి కొనండి.

బయటికి వెళ్లి వేయడం ఈ దశలోనే మొదలుపెట్టవచ్చు. మీకు సెలవు రోజున తిరుపతి రావడం కష్టం కాదు కాబట్టి ఇక్కడి మూడు చోట్ల గురించి చెబుతాను, మూడూ మూడు పాఠాలు.

తిరుమల కొండలను కింద నుంచి చూస్తే పైభాగం గోడలా నిట్టనిలువుగా, అడుగుభాగం ఏటవాలుగా ఉంటుంది. పైన ఉన్నది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి, పొరలు పొరలుగా చీలి నిలువుగా విరుగుతుంది. కింద ఉన్నది అంతకన్నా చాలా పాతదైన గ్రానైటు, అరిగి వాలుగా దిగుతుంది. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రెండింటి కలయికను చూడటానికి ఘాట్ రోడ్డుకు వస్తారు. చిత్రకారుడికి ఇందులో పనికొచ్చేది ఏమిటంటే, కొండను ఒక గుండ్రటి పచ్చ గుట్టగా వేసే అలవాటు ఇక్కడ చెల్లదు. పైన నిలువు నీడల పట్టీ, కింద వాలు వెలుగు అన్న రెండే మచ్చలుగా చూస్తే కొండ కొండలా నిలబడుతుంది. దూరపు వరుస దగ్గరి వరుస కన్నా లేతగా, నీలంగా ఉంటుంది. మధ్యనున్న గాలి, అందులోని దుమ్ము, తేమ వెలుగును చెదరగొట్టడమే కారణం. వాన వెలిసిన మర్నాడు ఆ తేడా బాగా తగ్గిపోయి కొండ చేతికందేంత దగ్గరగా కనిపిస్తుంది. అదే చోటు నుంచి రెండు రోజులు వేసి పోల్చండి.

గోవిందరాజస్వామి గుడి గోపురం దగ్గర కొత్తవారు అందరూ బొమ్మల మీద పడతారు. ద్వారపాలకుడి మీసంతో మొదలైన చిత్రం మూడో అంతస్తు దాటక ముందే కాగితం అయిపోతుంది. ముందు మధ్యగా ఒక నిలువు గీత, ఇరుపక్కల లోపలికి వాలే అంచులు, పైన అడ్డంగా పడుకున్న శిఖరం, ఇంతే గీయండి. తరువాత అంతస్తులను విడదీసే అడ్డపట్టీలు. పైకి పోయేకొద్దీ అంతస్తుల వెడల్పుతో పాటు ఎత్తు కూడా తగ్గుతుంది, ఆ తగ్గుదల పట్టుకుంటే సగం పని అయినట్టే. శిల్పాలను నీడల చుక్కలుగా సూచిస్తే చాలు, చూసేవారి కన్ను మిగిలినది తానే పూరించుకుంటుంది.

చంద్రగిరి రాజమహల్ పెన్సిలు దశలో ఉన్నవారికి కూడా పనికొస్తుంది. మూడంతస్తుల భవనం, వరుస కమాన్లు, ఒక్కో కమాను లోపల చిక్కటి నీడ. ఉదయం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు కమాను మందం ఒక లేత పట్టీగా, లోపలి భాగం దాదాపు నలుపుగా కనిపిస్తాయి. ఒక్క కమానును మాత్రమే పెద్దదిగా వేయండి. భవనం మొత్తం వేసే తొందర వద్దు.

గీత విషయంలో నేర్చుకోవాలంటే శ్రీకాళహస్తి వెళ్లి కలంకారీ పని చేసేవారి పక్కన ఒక పూట కూర్చోండి. కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద చింత బొగ్గుతో లేతగా ఆకారం గుర్తించుకుని, దాని మీద వెదురు కలంతో కసిమి పోస్తూ గీత లాగుతారు. ఇనుము, బెల్లం పులియబెట్టి చేసిన ఆ ద్రవం కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబడుతుంది, ఇక చెరపడానికి వీల్లేదు. కలానికి చుట్టిన గుడ్డను వేళ్లతో ఎంత నొక్కితే అంత కసిమి దిగుతుంది. వారి చెయ్యి ఆగకుండా, తొందరపడకుండా, ఒకే ఒత్తిడితో కదలడం అక్కడ చూడాలి. ఆ కళకు 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారిది ఆ ఊరే. కలంకారీలో వెలుగునీడలకు చోటు తక్కువ, అక్కడ బొమ్మను నిలబెట్టేది గీత, చదును రంగు. అందువల్ల నేను చెప్పిన వెలుగునీడల పద్ధతే అన్నిటికీ రాజమార్గం అని అనుకోకండి. మీరు ఇంటి పెరడును, నదిని ఉన్నది ఉన్నట్టు వేయాలన్నారు కాబట్టి ఆ దారి చెప్పాను. అలంకారపు చిత్రాలు వేయాలని ఉంటే మొదటి ఆరు నెలలూ గీత మీదే గడపాలి.

పేరున్న చిత్రకారుల బొమ్మలను చూసి వేయడం తప్పా అని మరొకరు కింద అడిగారు. తప్పు కాదు, వీడియో చూసి వేయడానికీ దీనికీ పోలిక లేదు. వడ్డాది పాపయ్య గారు వేసిన ఏదైనా పత్రిక ముఖచిత్రాన్ని తీసుకుని, అగ్గిపెట్టె అంత గడిలో, మూడే టోన్లతో మచ్చలుగా దించండి. ముఖాలు, నగలు ఏవీ వద్దు. వెలుగును ఆయన ఎక్కడ పోగుచేశారో, ముదురును ఎక్కడ అడ్డుపెట్టారో అప్పుడు తెలుస్తుంది. రాజమహేంద్రవరం వెళ్లే వీలుంటే దామెర్ల రామారావు గారి ఆర్ట్ గ్యాలరీ చూడండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆ మనిషి అంత కొద్ది జీవితంలో ఎన్ని పెన్సిలు స్కెచ్చులు వేశారో చూస్తే, పూర్తయిన చిత్రం వెనుక ఎంత చూపు దాగి ఉంటుందో అర్థమవుతుంది.

క్లాసు గురించి. తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థలో సంప్రదాయ చిత్రలేఖనం, కలంకారీ నేర్పుతారు. అది పూర్తికాలపు చదువు, ఉద్యోగం చేసుకునే మీకు కుదరదు. మీ ఇంట్లో పదో తరగతి దాటిన పిల్లలెవరికైనా ఆసక్తి ఉంటే మాత్రం తప్పక విచారించండి. ప్రభుత్వం జరిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు డ్రాయింగ్ టీచరు ఉద్యోగం కోరేవారికి పనికొస్తాయి. మీకు ఆ ఉద్దేశం లేకపోతే సర్టిఫికెట్ కోసం ఆరాటం అక్కర్లేదు. ప్రైవేటు క్లాసులో చేరేముందు ఒకే ఒక్క విషయం చూడండి: అక్కడ విద్యార్థుల ముందు వస్తువు ఉందా, ప్రింటు ఉందా? అందరూ ఒకే ప్రింటు చూసి ఒకే రాధాకృష్ణులను వేస్తున్నారంటే మీరు వీడియోతో చేస్తున్నదే అక్కడ ఫీజు కట్టి చేస్తారు. మంచి గురువు వల్ల కలిగే లాభం మీ తప్పును మీకన్నా ముందు చూడటం. నెలకు ఒకసారి అలా చూసి చెప్పేవారు దొరికినా చాలు, వారం వారం క్లాసు లేకపోయినా నష్టం లేదు.

ఎన్నాళ్లు పడుతుంది అన్నదానికి తేదీ చెప్పలేను, నా అనుభవంలో కనిపించిన గుర్తులు చెప్పగలను. వారానికి అయిదు రోజులు, రోజుకు ముప్పావుగంట పని చేసేవారికి రెండు మూడు నెలల్లో చెంబు అడుగు సరిగా వంగుతుంది, నీడ ముదురుతుంది. మొదటి ఆరు నెలల్లో ఒక ఘట్టం వస్తుంది: బొమ్మలన్నీ మునుపటికన్నా అధ్వానంగా ఉన్నట్టు తోస్తాయి. చెయ్యి వెనక్కి పోలేదు, చూపు చేతిని దాటి ముందుకు పోయింది. ఇంతకుముందు కనిపించని తప్పులు ఇప్పుడు కనిపిస్తున్నాయి. చాలామంది మానేసేది సరిగ్గా ఇక్కడే. ఏడాది నిలిచినవారు ఎదుట ఉన్న సాధారణ దృశ్యాన్ని ఎవరి సాయం లేకుండా వేయగలుగుతున్నారు. మనుషుల ముఖాలకు మాత్రం అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది, వాటి జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని మిగతా వారమంతా వదిలేసే పద్ధతి వల్ల లాభం తక్కువ. చూపు రోజూ కొంచెం తడుస్తూ ఉండాలి.

వేసిన ప్రతి కాగితం మీద తేదీ, దీపం ఏ వైపు ఉందో రాసుకోండి, బాగా రాలేదని ఏదీ చింపకండి. మూడు నెలల తరువాత చెంబు బొమ్మల్లో మొదటిదాన్నీ చివరిదాన్నీ, మీరు కూర్చున్న చోటి నుంచి తీసిన చెంబు ఫొటోతో సహా ఇక్కడే పెడితే, తరువాత ఏ వస్తువు వేయాలో చూసి చెబుతాను. బొమ్మల ఫొటోలు పగటి వెలుగులో, నీడ పడకుండా, కాగితానికి ఎదురుగా నిలబడి తీయండి; పక్కనుంచి తీస్తే వలయాల వంపు సరిగా ఉందో లేదో నాకు తెలియదు.